చాప మీద కబుర్లు: కదలకుండా చేసే యోగా మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇక్కడ యిన్ యోగా గురించి నాలుగు ముక్కలు రాశాను. ఒక్కో ఆసనంలో మూడు నుంచి ఐదు నిమిషాలు, కండరాలు బిగించకుండా, కదలకుండా ఉండిపోవడమే దాని పద్ధతి అని. దానికొచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచే. ఒకరైతే తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాసి పంపారు. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు అయినవాళ్లకి ఇదేం కొత్త కాదు గానీ, నేను పైకి చదువుకుంటే తప్ప బుర్రకెక్కలేదు. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను.

పర్లాకిమిడిలో ఇంటి దగ్గరే పొద్దున పూట పదిమందికి యోగా చెప్తాను. యిన్ యోగా కూడా మొదలుపెడదామంటే మా మావయ్యగారు "మన యోగాకి చైనా పేరేంటమ్మా" అంటున్నారు. ఇది అసలు ఎవరిది మేడమ్?

మావయ్యగారి అనుమానం సబబే. పేరు చైనాది, ఆసనాలు చాలావరకు మనవి, రెంటినీ కలిపి కొత్త పేరు పెట్టినవాళ్లు అమెరికన్లు. పాలీ జింక్ అని కుంగ్‌ఫూ నేర్పే ఆయన 1970ల చివర్లో తావో యోగా అంటూ ఒకటి నేర్పేవాడు. 1980ల చివర్లో పాల్ గ్రిల్లీ ఆయన దగ్గర కొన్నాళ్లు చేసి, అందులోంచి నేలమీద ఎక్కువసేపు ఉండే ఆసనాల్ని మాత్రం తీసుకుని, తనకు తెలిసిన అనాటమీని, జపాన్‌కి చెందిన హిరోషి మోతోయామా దగ్గర నేర్చుకున్న మెరిడియన్ల (ఒంట్లో ప్రాణశక్తి పారే దారులని చైనా వైద్యం చెప్పేవి) సంగతినీ దానికి కలిపాడు. గ్రిల్లీ దగ్గర నేర్చుకున్న సారా పవర్స్ వాడుకతో యిన్ యోగా అన్న పేరు నిలబడింది. మోతోయామా జపాన్‌వాళ్ల షింటో మతంలో పూజారి. మన నాడులూ చక్రాలూ, చైనావాళ్ల మెరిడియన్లూ ఒకదానికొకటి చుట్టాలే అని పట్టుబట్టి ఏళ్ల తరబడి పరిశోధించినవాడు. ఆ ముక్క చెప్పి చూడండి, మావయ్యగారు కాస్త మెత్తబడతారు.

యిన్ అంటే మొదట్లో కొండకి నీడపడే పక్క, యాంగ్ అంటే ఎండ తగిలే పక్క, అంతే. పొద్దున్నే మహేంద్రగిరికి వెలుగు పడిన వైపు యాంగ్ అయితే మంచు ఇంకా ఆరని వైపు యిన్, మధ్యాహ్నం దాటితే అటుది ఇటవుతుంది. కండరాలు వేడెక్కేలా చేసే సూర్యనమస్కారాలు యాంగ్ అన్నమాట, కీళ్ల చుట్టూ ఉండే గట్టి పొరల మీద నెమ్మదిగా పనిచేసేది యిన్. 'సీతాకోకచిలుక' అనేది పాదాలు కాస్త ముందుకి జరిపిన బద్ధకోణాసనం, 'గొంగళిపురుగు' అనేది వీపు గుండ్రంగా వదిలేసిన పశ్చిమోత్తానాసనం. ఆకారం ఒకటే అయినా చేసే తీరు వేరు గనుక కావాలనే పేర్లు మార్చారు.

బోర్డు మీద మాత్రం "ఐదువేల ఏళ్ల ప్రాచీన విద్య" అని రాయించకండి. యిన్–యాంగ్ ఆలోచన రెండు వేల ఏళ్లు దాటిందే, కానీ ఈ యోగా వయసు నలభై ఏళ్లకి కాస్త అటూ ఇటూ.

బరంపురంలో పట్టుచీరలు నేస్తాం. గుంట మగ్గం, నా వయసు 46. సాయంత్రం గుంటలోంచి లేస్తే నడుం తిన్నగా అవడానికి పావుగంట పడుతుంది. నడుంనొప్పి అంటే కిడ్నీ, బ్లాడర్ మెరిడియన్లనీ, దానికి గొంగళిపురుగు ఆసనమనీ ఒక వీడియోలో చూసి పదిరోజులు చేశాను. ఇంకా పట్టేసింది.

పట్టెయ్యకేం చేస్తుంది. మగ్గం మీద మీరు ఎలా కూర్చుంటారో ఒకసారి తలుచుకోండి: కాళ్లు గుంటలో, నడుం ముందుకి వంగి, ఒక చెయ్యి నాడె తాడు లాగుతూ, ఒక చెయ్యి పలక కొడుతూ, కళ్లు పోగు మీద. పొద్దుణ్ణుంచీ చేసేది గొంగళిపురుగే. సాయంత్రం లేచి మళ్లీ అదే చేస్తే ఆ వీపు ఏం కావాలి?

వీడియో ఆయన చెప్పింది వాళ్ల లెక్కలో తప్పు కాదు. చైనా వైద్యంలో బ్లాడర్ మెరిడియన్ కంటి లోపలి మూల దగ్గర మొదలై, తల మీదుగా వెనక్కి వచ్చి, వెన్నెముకకి రెండు పక్కలా దిగి, తొడల వెనక, పిక్కల వెనక నుంచి చిటికెన వేలి దాకా పోతుంది. 67 బిందువులు దాని మీద, అన్నిటికన్నా పొడవైన దారి అదే. ముందుకి వంగితే ఆ దారంతా సాగుతుంది కాబట్టి గొంగళిపురుగు అన్నారు. కానీ మీ మగ్గం సంగతి ఆ పటానికి తెలీదు కదా. ఒక దారిని సాగదీసి తాకొచ్చు, నొక్కీ తాకొచ్చు. మీకు రెండోది కావాలి, దానికి సింహిక ఉంది. ఇంగ్లీషులో స్ఫింక్స్ అంటారు, మోచేతుల మీద ఆనే భుజంగాసనం.

గుంటలోంచి లేవగానే కాదు, ముందు ఐదు నిమిషాలు వీధిలో నడిచి రండి. తర్వాత బొంత పరుచుకుని బోర్లా పడుకోండి. మోచేతులు భుజాలకన్నా జానెడు ముందుకి పెట్టి ఛాతీ లేపండి. పొట్ట వదిలెయ్యండి, పిరుదులు బిగించకండి, అందరూ ఇక్కడే బిగిస్తారు. నడుం దగ్గర నొక్కినట్టు మొద్దుగా ఉంటే సరే, కలుక్కుమంటే మోచేతులు ఇంకా ముందుకి జరిపి ఛాతీ కిందకి దించండి. మొదటి వారం రెండు నిమిషాలు చాలు, ఫోనులో అలారం పెట్టుకోండి, లేకపోతే నలభై సెకన్లకే మూడు నిమిషాలైనట్టు ఉంటుంది. దిగాక తల ఒక పక్కకి తిప్పి అలాగే బోర్లా ఓ నిమిషం పడి ఉండండి. నడుం దగ్గర వెచ్చగా ఏదో పాకినట్టు ఉంటుంది, దాన్నే రీబౌండ్ అంటారు, చైనా లెక్కలో చీ, అంటే ప్రాణశక్తి, కదలడమంటారు. మీరేమన్నా అనుకోండి, ఆ నిమిషం మాత్రం ఎగ్గొట్టకండి.

దాని తర్వాత డ్రాగన్. ఒక పాదం ముందుకి వేసి, వెనక మోకాలు మడత పెట్టిన బొంత మీద ఆనించి, తుంటి నెమ్మదిగా కిందకి దించి అలా ఉండిపోవడం, ఒక్కో పక్క రెండు నిమిషాలు. రోజంతా కూర్చుని కుదించుకుపోయిన తొడ ముందుభాగం తెరుచుకునేది ఇందులోనే. చేతుల కింద రెండు ఇటుకలు గుడ్డ చుట్టి పెట్టుకోండి, కొన్న బ్లాకుల అవసరం లేదు.

ఇంతసేపు ఎందుకంటారా? కోడిమాంసం కోసేటప్పుడు తోలుకీ కండకీ మధ్య తెల్లగా, పల్చగా, జిగటగా ఒక పొర కనపడుతుంది చూశారా, అలాంటిదే మన ఒంట్లో కండకండనీ చుట్టుకుని ఉంటుంది. ఫేషియా అంటారు. అది, కీళ్లని పట్టి ఉంచే లిగమెంట్లు, గబుక్కున లాగితే లొంగవు, కొద్దిపాటి బరువు నెమ్మదిగా నిలిపితే లొంగుతాయి. అందుకే బలం తక్కువ, టైము ఎక్కువ. లేచేటప్పుడు ముసలివాళ్లలా లేవండి, సిగ్గేం లేదు.

ఒళ్లు చెప్పే మాటల్లో రెండిటికి తేడా తెలియాలి. లాగుతున్నట్టు, మొద్దుగా, వెడల్పుగా ఉండేది ఓర్చుకోదగిన నొప్పి. చురుక్కుమనేది, కరెంటు పాకినట్టుండేది, కాలు తిమ్మిరెక్కేది అయితే వెంటనే బయటికి రావాలి. దగ్గినా తుమ్మినా నొప్పి కాల్లోకి దిగుతుంటే యోగా పక్కన పెట్టి ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి బాబూ.

నేను పెళ్లయి బరంపురంలో ఉంటున్నాను, అమ్మ ఉద్దానంలో. కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. యిన్ యోగాతో కిడ్నీ మెరిడియన్‌ని ఉత్తేజపరిస్తే క్రియాటినిన్ తగ్గుతుందని ఒకరు కోర్సు అమ్ముతున్నారు. కట్టమంటారా?

కట్టకండమ్మా. తగ్గదు.

ఈ ప్రశ్న ఇంకో ఇద్దరు కూడా అడిగారు కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. చైనా వైద్యంలో మనం కిడ్నీ అని అనువదించుకునే మాట 'షెన్'. అది స్కానింగులో కనపడే చిక్కుడు గింజ ఆకారం అవయవం ఒక్కటే కాదు. ఎముకల బలం, ఎదుగుదల, సంతానం, చెవులు, భయం, చలికాలం, నీరు ఇవన్నీ కలిపి ఒక పెట్టెలో వేసి దానికి పెట్టిన పేరు. ఆ పెట్టెకి ఫలానా ఆసనం మంచిది అంటే, రక్తం వడకట్టే అవయవం బాగుపడుతుందని అర్థం కాదు. రెంటికీ ఇంగ్లీషులో ఒకే పేరు ఉండటం వల్ల ఎంతమంది జేబులు ఖాళీ అవుతున్నాయో. ఇంకోటి, ఎవరైనా చైనా మూలికలంటూ పొడులు చేతిలో పెడితే అస్సలు వద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి వాడిన చైనా మూలికల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మొక్క కలిసిపోయి, బాగున్న ఆడవాళ్ల కిడ్నీలే పాడైపోయాయి.

అమ్మకి పనికొచ్చేది ఉంది. డయాలసిస్ లేని రోజు, డాక్టర్‌ని అడిగి ఒప్పుకుంటేనే, వీపు కింద పొడవుగా బాలీసు పెట్టి, మోకాళ్ల కింద ఇంకో దిండు పెట్టి, దుప్పటి కప్పి, పది నిమిషాలు ఊరికే పడుకోబెట్టండి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతి మీద బరువు, ఒత్తిడి, మడత ఏదీ పడకూడదు. దీనివల్ల రిపోర్టు మారదు. పక్కన మీరు కూడా పడుకోండి, పది నిమిషాలు ఎవరూ లెవెల్స్ గురించి మాట్లాడకుండా గడుస్తాయి.

రాయగడ నుంచి. రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. అది ఊపిరితిత్తుల సమయమని, అంటే లోపల దుఃఖం ఉందనీ అన్నారు. నాకు అంత దుఃఖమేం లేదే!

లేకపోతే లేదనే అనుకోండి, వెతుక్కోవడమెందుకు. చైనా గడియారంలో రోజుని రెండేసి గంటల చొప్పున పన్నెండు మెరిడియన్లకి పంచారు. రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా లివర్‌ది, మూడు నుంచి ఐదు ఊపిరితిత్తులది. లివర్‌కి కోపం, ఊపిరితిత్తులకి దుఃఖం జతచేశారు. మీరు ఐదు నిమిషాలు ముందు లేస్తే కోపిష్ఠి, తర్వాత లేస్తే దుఃఖజీవి అన్నమాట! సాయంత్రం టీ ఎన్నింటికి తాగుతున్నారో, పడుకునేముందు ఫోను ఎంతసేపు చూస్తున్నారో ముందు అది చూడండి. రాత్రి పడుకోబోయే ముందు కాళ్లు గోడకి ఆనించి ఐదు నిమిషాలు, ఆపైన సీతాకోకచిలుక ఐదు నిమిషాలు. మగతగా అనిపిస్తే లేవకుండా పక్కకి దొర్లి పడుకోండి.

జయపురంలో యోగా నేర్పుతాను. క్లాసులో తెలుగు, ఒడియా, హిందీ వాళ్లు కలిసి ఉంటారు. ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా ఉంటే నాకే టెన్షన్, అందుకని మెరిడియన్ల గురించి, ఏ అవయవంలో ఏ భావం ఉంటుందో ఆ కథలు చెప్తూ ఉంటాను. సరైనదేనా?

నేనూ అలాగే చెప్పేదాన్ని. నాలుగేళ్ల కిందట ఒక క్లాసులో అందరినీ డ్రాగన్‌ఫ్లైలో కూర్చోబెట్టాను, కాళ్లు బార్లా చాపి ముందుకి వంగే ఆసనం అది. లివర్ దారి బొటనవేలి నుంచి కాలి లోపలివైపుగా పైకి పోతుంది కదా, ఆ ఊపులో "లివర్ కోపాన్ని దాచుకుంటుంది, దాచిన కోపమే జబ్బవుతుంది" అని పెద్ద గొంతుతో చెప్పుకుంటూ పోయాను. క్లాసయ్యాక అందరూ చాపలు చుట్టుకుని వెళ్తుంటే ఒకావిడ ఉండిపోయింది. భర్త లివర్ జబ్బుతో పోయి ఆరు నెలలు. "ఆయన నా మీద కోపం లోపల పెట్టుకునే పోయారంటారా?" అని అడిగింది. కాదమ్మా కాదమ్మా అని ఎన్నిసార్లు అన్నానో. నమ్మిందో లేదో నాకు తెలీదు, మళ్లీ క్లాసుకి రాలేదు.

అప్పట్నుంచి దారి చెప్తాను, కథ చెప్పను. "తొడ లోపలివైపు లాగుతోందా, అక్కడ లివర్ దారి అంటారు వాళ్లు, గమనించండి" అంతవరకే. ఆ మాటల్ని మీ పాఠం తయారుచేసుకోవడానికి వాడుకోండి. ఈ రోజు కాళ్ల లోపలివైపు, రేపు పక్కలు, ఎల్లుండి వీపు అని వరుస కుదురుతుంది, దానికి ఆ పటం భలే పనికొస్తుంది. రోగనిర్ణయం మన పని కాదు. ఏడుపొచ్చినవాళ్లని ఏడవనివ్వండి, దగ్గరికెళ్లి ఎందుకని అడక్కండి, రుమాలు అందేలా పెడితే చాలు. గురక పెట్టేవాళ్లని కూడా లేపకండి, అలారానికి ఎలాగూ లేస్తారు.

మూడు భాషల బాధ మాటలు తగ్గిస్తేనే తీరుతుంది. ఆసనంలోకి వెళ్లేటప్పుడు మూడు వాక్యాలు, సగంలో ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఒకటి. మిగతా సమయంలో ఎవరి ఒళ్లు ఎలా ఉందో చూస్తూ తిరగండి. అందరి ఎముకలూ ఒక్కలా ఉండవు, ఒకరికి మోకాలు నేలకి తగులుతుంది, ఇంకొకరికి తుంటి ఎముకల ఆకారం వల్ల పదేళ్లు చేసినా తగలదు. కింద దిండు పెట్టండి గానీ భుజం మీద చెయ్యేసి నొక్కకండి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు, కీళ్లు మరీ వదులుగా ఉన్నవాళ్లు ఎవరో మొదటి రోజే అడిగి రాసుకోండి.

గుణుపురం నుంచి చిన్న ప్రశ్న. చల్లటి తిండి ప్లీహానికి పడదని చైనా వైద్యం అంటుందట. వేసవిలో పొఖాళొ మానెయ్యాలా?

చల్లనివీ పచ్చివీ జీర్ణశక్తిని తగ్గిస్తాయని వాళ్లు అనేది నిజమే. వాళ్ల పుస్తకాలు రాసింది వాళ్ల చలికి, మన మే నెల ఎండకి కాదు. చద్దన్నం శుభ్రంగా తినండి, ఉల్లిపాయా, బడి చూరా అనే నలిపిన వడియాలూ నంజుకుని మరీ. తిన్నాక రెండు గంటలు ఆగి చాప పరుచుకోండి, లేదంటే సింహికలో బోర్లా పడుకోగానే అంతా గొంతులోకి వస్తుంది.