పొద్దటి తెల్లపొగ చలికేనా, ఇంజన్ పోయిందా?

అన్నా, 1,80,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ కారు, స్టార్ట్ చెయ్యంగనే తెల్లపొగ, ఓనరేమో "చలికే" అంటుండు అని అడిగినవ్ గద. ఆయన మాట అబద్ధమే కావాల్నని లేదు. హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ల వేడి పుట్టిచ్చేటివి) వీకైతే గట్లనే వస్తది, కాలని డీజిల్‌కు కండ్లు మండుతయి. కానీ ఇంజన్ వేడెక్కినంక కూడా తెల్లగనే వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ తలకాయకు, బ్లాక్‌కు నడుమ ఉండే సీల్) అనుమానం. ఆ బండి జోలికి పోకు.

నన్ను ముంచింది మాత్రం నీలం పొగ. కరీంనగర్ల చూడవోతే, నేను పొయ్యేసరికే ఆ బండి ఓనర్ స్టార్ట్ చేసి పెట్టిండు, "ఏసీ చల్లగ కావాలని" అట! పొగ లేదు, సప్పుడు లేదు, మురిసిపోయి కొన్న. ఇరవై దినాలకు హుజూరాబాద్ దాటంగ ఎనుక బైకాయన లైటు కొట్టి కొట్టి ఆపిచ్చిండు: "నీ పొగకు రోడ్డు కనవడ్తలేదన్నా." ఆయిల్ గేజ్ పుల్ల తీస్తే కొసకు జరంత తడి. పొగ దాచెటందుకు చిక్కటి ఆయిల్ పోసి అమ్మిండని మా మెకానిక్ అన్నడు. పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు కలిపి 58 వేలు.

నీలమంటే ఆకాశం రంగు అనుకునేవ్. బూడిద రంగుల సన్నటి నీలి ఛాయ, ఎండ పడ్డప్పుడు మంచిగ కనవడ్తది. వాసన కాలిన ఆయిల్‌ది.

చెప్పకుండ పొద్దుగాల 6కు పో. ముందుగాల బానెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగుంటే ఇంకోరోజు పో. ఇంజన్ వేడెక్కినంక, స్లోల నడుస్తుండంగనే ఆయిల్ క్యాప్ విప్పి ఆ బొక్క మీదనే తిరగేసి పెట్టు, మొఖం దూరం పెట్టు. కొద్దిగ ఊగితే ఫరవాలేదు. ఎగిరి కింద పడ్డా, బుస్సుబుస్సున పొగ తన్నినా బ్యాక్ కంప్రెషన్ (సిలిండర్ల గ్యాస్ రింగులు దాటి కిందికి వచ్చుడు), రింగులు అరిగినయేమో అని అనుమానపడాలె.

ఇగ నలుగురిని ఎక్కించుకొని కాజీపేట దగ్గరి మడికొండ దిక్కు పో, పొగ చూసెటందుకు దోస్తును బైక్ మీద ఎనుక రమ్మను. రేస్ ఇచ్చినప్పుడల్లా నీలం వస్తే రింగులో, టర్బోనో. నల్లపొగైతే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూపియ్యాలె, అది బేరమాడే పొగ. పెట్రోల్ బండికైతే కాజీపేట బ్రిడ్జి గేర్ల దిగి, కింద రేస్ ఇచ్చినప్పుడు నీలం బుస్సుమంటే వాల్వ్ సీల్స్ (ఆయిల్ సిలిండర్లకు దిగకుంట ఆపే రబ్బర్లు) అరిగినట్టు. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపిస్తే చూడు గానీ, ఆయిల్ ఎంత తాగుతుందో అండ్ల రాయరు.

నీ బండిల తెల్లది రెండు నిమిషాలల్ల పోయి, క్యాప్ ఎగరకుంటే, హీటర్ ప్లగ్గుల పైసలు తగ్గించి అడుగు.