అడ్డుప్రశ్నలు వేయడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి కోల్డ్ స్టోరేజీ వ్యాపారం. అమ్మాయి విజయవాడలో బీబీఏ చివరి సంవత్సరం చదువుతోంది. కంపెనీల ప్లాన్లలో లోపాలు పట్టే 'రెడ్ టీమ్' పని చేస్తానంటోంది. మొన్న రెండో స్టోరేజీకి లోన్ తీసుకుందామంటే 15 లోపాలు చెప్పింది. ఇది బతుకుదెరువు అవుతుందా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అవుతుంది. కానీ అది మొదటి ఉద్యోగం కాదు, నాలుగైదేళ్ల తర్వాత చేరే చోటు.

మీరు అష్టావధానం చూసే ఉంటారు. అవధాని తర్వాత ఏ అక్షరం వేయబోతున్నారో ఊహించి, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు సరిగ్గా అదే వద్దంటాడు. ఛందస్సు రానివాడు అక్కడ కూర్చుంటే అవధానికి అడ్డే ఉండదు. రెడ్ టీమ్ పనీ అలాంటిదే. కంపెనీ ప్లాన్ వేసుకున్నాక, పోటీదారు కుర్చీలో కూర్చుని దాన్ని ఎక్కడ దెబ్బకొట్టవచ్చో చూపించాలి. సరుకు, డబ్బు ఎలా తిరుగుతాయో తెలియకుండా ఆ కుర్చీలో కూర్చోలేరు.

ఈ పేరు సైన్యం నుంచి వచ్చింది. 2002లో అమెరికా సైన్యం మిలీనియం ఛాలెంజ్ అనే పెద్ద విన్యాసం జరిపింది. శత్రువు పాత్ర రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్ పాల్ వాన్ రైపర్‌ది. రేడియోలో మాట్లాడితే అవతలివాళ్లు వింటారని ఆయన మోటార్‌సైకిళ్ల మీద కబుర్లు పంపారు. క్షిపణులు, చిన్న పడవలతో ఆ ఆటలో 16 ఓడలను ముంచేశారు. నిర్వాహకులు ఏం చేశారో తెలుసా? మునిగిన ఓడలను మళ్లీ తేల్చి, ఆయనకు ఆంక్షలు పెట్టారు. ఆయన మధ్యలోనే తప్పుకున్నారు. మీ అమ్మాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. వినే పెద్ద లేనిచోట ఎంత తెలివైనవాళ్లు లోపం పట్టినా ఫలితం ఉండదు. అందుకే లోపం పట్టడంతో పాటు, అవతలివాళ్లు మనసు కష్టపెట్టుకోకుండా వినేలా చెప్పడం కూడా నేర్చుకోవాలి. నా అనుభవంలో చురుకైన పిల్లలు చాలామంది తడబడేది ఇక్కడే.

ఇక దారి. సైబర్ సెక్యూరిటీలోనూ రెడ్ టీమ్ ఉంది. కంప్యూటర్లలోకి చొరబడి చూసే ఆ పని వేరు, ఆ చదువూ వేరు. వ్యూహాల విషయంలో మన దగ్గర ఈ పేరుతో ప్రకటనలు అరుదు. కన్సల్టెన్సీలు, బ్యాంకుల రిస్క్ విభాగాలు, పెద్ద కంపెనీల స్ట్రాటజీ టీమ్‌లలో ఈ పని కలిసిపోయి ఉంటుంది. ముందు మూడు నాలుగేళ్లు ఫైనాన్స్‌లోనో సప్లై చెయిన్‌లోనో పని చేయనివ్వండి. ఆ తర్వాత క్యాట్ రాసి ఎంబీఏ చేస్తే మేలు. విశాఖలోనే ఐఐఎం ఉంది. రెడ్ టీమ్ సర్టిఫికెట్ అంటూ ఎవరైనా వేలు అడిగితే మాత్రం ఇప్పుడే కట్టకండి.

ఈలోగా ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన పద్ధతి ఇది. ఆదివారం మీరు, అమ్మాయి, మీ గుమాస్తా కూర్చుని, 'రెండేళ్లు గడిచాయి, కొత్త స్టోరేజీ మూతపడింది' అనుకోండి. ఎందుకో ఎవరికి వారు మాట్లాడకుండా కాగితం మీద రాయండి. మొదట గుమాస్తా కాగితం చదవండి, మీది చివర. యార్డులో ధర బాగుంటే రైతు అక్కడే అమ్మేస్తాడు, మీ గదులు ఖాళీ. ధర పడితే ఏసీ సరుకు, అంటే మీ స్టోరేజీలో దాచిన మిర్చి, కదలదు, దాని మీద మీరిచ్చిన అప్పూ ఆగిపోతుంది. ఈ రెండూ మీకు తెలిసినవే, కానీ లోన్ లెక్కలో రాశారా?

ఆ 15 లోపాల్లోంచి మూడే ఏరుకోమనండి. ఒక్కోదానికి ఎంత నష్టం వస్తుందో రూపాయల్లో వేసి, దాన్ని ఎలా తప్పించుకోవచ్చో పక్కన రాయమనండి. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి.