బిడ్డను పోగొట్టుకుని ఏడాది దాటినా మామూలు మనిషిని కాలేకపోతున్నాను, ఏం చేయాలి?

ప్రశ్న అడిగినావిడ కింద వివరంగా రాశారు. రెండేళ్ల బాబు పోయి ఏడాది దాటిందట. చుట్టాలంతా "ఇంకా ఎన్నాళ్లు" అంటున్నారట. భర్త మాత్రం ఏమీ జరగనట్టు ఆఫీసుకి వెళ్లి వస్తున్నారట.

అమ్మా, ఈ ఏడాది అనే గడువు ఎవరు పెట్టారు? భారతం అందరికీ తెలుసంటారు గానీ ఆశ్రమవాస పర్వం దాకా ఎవరూ రారు. యుద్ధం అయిపోయి పదహారేళ్లు గడిచాక గాంధారి వ్యాసుడితో చెప్పుకుంటుంది, కొడుకులు పోయి ఇన్నేళ్లయినా ఈ రాజుకి మనశ్శాంతి లేదని. ద్రౌపదీ సుభద్రా కూడా ఇంకా కుమిలిపోతూనే ఉన్నారంటుంది. వ్యాసుడు "ఇంకా ఎన్నాళ్లమ్మా" అనలేదు. అందరినీ గంగ ఒడ్డుకి పిలిచి, పోయినవాళ్లందరినీ ఒక్క రాత్రికి కళ్లారా చూపించాడు. మా బాబాయిగారు నాకు గీత చెప్పబోతే ఇదే చెప్పాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మా పాప లల్లి డెంగీతో పోయింది. మూడు నిండి నాలుగు నడుస్తోంది. ఆస్పత్రి సంగతులు ఇక్కడ రాయను. పిల్లలున్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాత వచ్చే ఒకటి రెండు రోజులే అసలు గండం. జ్వరం దిగిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునేది అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకెళ్లండి. బొప్పాయి ఆకు రసం కోసం ఊరంతా తిరిగేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మీరు అడిగినదానికి వస్తాను. నా లెక్కలో మన బాధలో సగం బిడ్డ పోవడం వల్ల, మిగతా సగం ఆ తర్వాత ఆ బిడ్డ మాట ఎవరూ ఎత్తకపోవడం వల్ల.

మా తాతగారు తొంభై దాటి పోయారు. పదకొండు రోజులు ఇంటి నిండా జనం. పెద్దకర్మ నాడు విస్తళ్ల ముందు కూర్చుని ఒక్కొక్కరూ ఆయన పిసినారితనం గురించి, చుట్ట గురించి చెప్పుకుని పడీ పడీ నవ్వారు. ఇప్పటికీ ఏటా తద్దినం నాడు ఆ కబుర్లే నడుస్తాయి. అదే పసిపిల్లలు పోతే మా వైపు దహనం ఉండదు, పూడ్చిపెడతారు. దినం లేదు, తద్దినం లేదు. తల్లిని శ్మశానం దాకా రానివ్వరు. మా ఇంట్లో మధ్యాహ్నానికల్లా గచ్చు కడిగేశారు. సాయంత్రానికి మా అత్తయ్య పాప గౌన్లన్నీ మూటగట్టి, మూడు చక్రాల సైకిల్‌తో సహా అటకెక్కించేసింది. కళ్ల ముందుంటే మరిచిపోలేదట. పూర్వం ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో పసివాళ్లు పోయేవారు, పోయినప్పుడల్లా పదకొండు రోజులు కూర్చుంటే నాట్లు ఎవరు వేస్తారు? అందుకే అలా పెట్టుంటారని నా అభిప్రాయం. పంతులుగారు ఒప్పుకోరు. ఏ కారణంతో పెట్టినా ఇప్పుడు ఆ అవసరం లేదు కదా.

దినం లేకపోతే పోయె, ఓదార్పులు మాత్రం బోలెడు. "ఋణం తీరిపోయింది", "దేవుడికి నచ్చింది", "మీ కడుపునే మళ్లీ పుడుతుందిలే". ఇవి చెప్పినవాళ్లే తర్వాత సీమంతాలకీ బారసాలలకీ మా ఆవిడని పిలవడం మానేశారు. ఒకావిడ పిలిచింది గానీ, హారతి పళ్లెం మా ఆవిడ చేతిలోంచి మెల్లగా తీసుకుని పక్కావిడకి ఇచ్చింది. దీని మీద రాయడం మొదలుపెడితే జవాబు పక్కదారి పడుతుంది. ఇప్పటికే పట్టిందనుకోండి.

ఒక రోజు సంగతి చెబుతాను. పల్స్ పోలియో ఆదివారం అయ్యాక ఇంటింటికీ తిరుగుతారు కదా. మా ఆవిడ అరుగు మీద చేటలో కందిపప్పు పోసుకుని ఏరుతోంది. నేను లోపల ఉన్నాను. రిజిస్టరూ సుద్దముక్కా పట్టుకుని ఒక కొత్తమ్మాయి వచ్చింది, నర్సింగ్ చదువుతున్న పిల్లలా ఉంది. "ఐదేళ్లలోపు పిల్లలున్నారా అండీ?" అని అడిగింది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి సైగలు చేస్తూ "లేరు లేరు, అవతలింటికి వెళ్లమ్మా" అంటున్నారు. మా ఆవిడ తల ఎత్తకుండానే "ఉండేది. పోయినసారి వేయించాం" అంది. ఆ పిల్ల రిజిస్టర్లో ఏం రాయాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

ఈలోగా మా వీధి ఆశా కార్యకర్త వచ్చింది. లల్లికి టీకాల రోజులన్నీ గుర్తుచేసింది ఆవిడే. అందరిలా మొహం తిప్పుకోలేదు. మందు ఉన్న నీలం పెట్టెను అరుగు మీద పెట్టి, పక్కనే చతికిలబడి, "మీ అమ్మాయి నన్ను పెట్టిన తిప్పలు గుర్తున్నాయా?" అంది. చుక్కలు వేశాక ఎడమ చేతి చిటికెన వేలికి మార్కర్‌తో గుర్తు పెడతారు. లల్లి ఒక్క వేలికి ఊరుకోలేదట, గోరింటాకులా పది వేళ్లకీ పెట్టమని పేచీ. పెట్టేదాకా కుర్చీ దిగలేదట. వెనక లైన్లో ఉన్న పిల్లలంతా మాకూ పది వేళ్లకీ కావాలని ఏడుపు. సూపర్‌వైజర్ వచ్చి ఈవిడకి చీవాట్లు. "మీ పిల్ల మూలంగా నాకు మార్కర్ అయిపోయిందమ్మా" అంటే మా ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, చేటలో పప్పంతా ఒలికిపోయింది. పిన్నిగారు మాత్రం ఆశా కార్యకర్త వంక కొరకొరా చూశారు, ఊరుకున్న మనిషిని ఏడిపించిందని.

వెళ్తూ ఆ కొత్తమ్మాయి మా గోడ మీద తేదీ వేసి 'పి' అని రాసింది. వేయాల్సిన పిల్లలెవరూ మిగలకపోతే అలాగే రాస్తారు.

ఆ తర్వాత మేమే ఒక దినం పెట్టుకున్నాం, లల్లి పుట్టినరోజు నాడు. వీధిలో వాళ్లని, దగ్గర చుట్టాలని భోజనానికి పిలిచాం. ఒకటే షరతు, వచ్చినవాళ్లు పాప గురించి ఒక్క ముక్కైనా చెప్పాలి. పంతులుగారు శాస్త్రంలో లేదన్నారు. పుట్టినరోజు భోజనానికి శాస్త్రమేమిటండీ అన్నాను. వచ్చి గారెలు అడిగి మరీ వేయించుకున్నారు. మొదట అందరూ తలలు దించుకుని తిన్నారు, ఎవరి నోరూ పెగల్లేదు. చివరికి కిరాణా కొట్టాయన మొదలుపెట్టాడు. మా నాన్నతో కొట్టుకి వచ్చినప్పుడల్లా "అన్నయ్యకి కూడా" అని రెండు చాక్లెట్లు తీసుకునేదట. మా పెద్దాడు గరిట పట్టుకుని అలాగే ఆగిపోయి "నాకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు!" అన్నాడు. ఇల్లంతా గొల్లుమంది. వాడు చెల్లెలి పేరెత్తింది చాలా నెలల తర్వాత అప్పుడే.

మా పాప గురించి మాకు తెలియని సంగతులు ఇంకా ఊళ్లో జనం దగ్గర ఉన్నాయని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ఎవరు ఎదురైనా అడిగేస్తున్నాను. ఇంత ముతగ్గా అడుగుతావేమిట్రా అని మా అక్క గొడవ. అడగకపోతే వాళ్లు చెప్పరు, మనం బాధపడతామని భయం.

మీరు కూడా చుట్టాలు వాళ్లంతట వాళ్లు మాట్లాడతారని ఎదురుచూడకండి, మీరే ఎత్తండి. ఇంకొకటి, నిద్రాహారాలు పూర్తిగా పోయినా, బతకడమెందుకని అనిపిస్తున్నా మాత్రం నాలాంటివాళ్ల జవాబులు చదువుతూ కూర్చోవద్దు. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మా ఆవిడ చేసింది.

ఇక మీవారి సంగతి. ఏమీ జరగనట్టు ఉన్నారని రాశారు. నన్ను చూసీ అందరూ అదే అనుకున్నారు. పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ నా భుజం తట్టి "అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో" అని వెళ్లిపోయాడు, నువ్వెలా ఉన్నావని అడిగినవాడు లేడు. ఆయన రోజూ ఏ దారిన ఆఫీసుకి వెళ్తున్నారో ఒకసారి అడగండి. నేను అంగన్‌వాడీ ముందు నుంచి వెళ్లలేక చాలా కాలం చెరువుగట్టు చుట్టూ తిరిగి షాపుకి వెళ్లేవాణ్ని. బండికి పెట్రోలు ఎందుకింత అవుతోందని మా ఆవిడ నిలదీస్తే గానీ ఆ సంగతి బయటపడలేదు.