సీరియల్ కిల్లర్ల పుస్తకాలు చదివి.. రాత్రి పదిసార్లు తలుపు చూస్తున్నా! ఇది జబ్బేనా డాక్టర్?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మావారిది నైట్ షిఫ్ట్. రెండేళ్లుగా సీరియల్ కిల్లర్ల నిజం కేసుల పుస్తకాలు చదవడం, పాడ్‌కాస్ట్‌లు వినడం అలవాటైంది. నాలుగు నెలల నుంచి పడుకున్నాక తలుపు బోల్ట్ వేశానో లేదోనని ఎనిమిది, పదిసార్లు లేచి చూస్తున్నా. రెండు దాటితే గానీ నిద్ర పట్టదు. తొమ్మిదేళ్ల పాపను కింద ఆడుకోవడానికి పంపడం మానేశాను. ఫ్రెండ్ ఇచ్చిన ఆల్‌ప్రజోలం (ఆందోళన తగ్గించే మందు) వారంలో రెండు మూడుసార్లు సగం మాత్ర వేసుకుంటున్నా. మనసు బాగున్నవాళ్లెవరూ ఇలాంటివి చదవరని మా అత్తగారు అంటున్నారు. నాలో ఏదైనా లోపం ఉందా? పుస్తకాలు మానేయాలా?
– ఓ పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఈ పుస్తకాలు ఇష్టపడటం లోపం కాదమ్మా. వీలైతే ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. 1888లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో ఆడవాళ్లను వరసగా చంపినవాడి వార్తల కోసం జనం పత్రికల మీద ఎగబడ్డారు. వాడెవరో ఇప్పటికీ తేలలేదు, పుస్తకాలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. అమెరికాలో అమాండా వికారీ, క్రిస్ ఫ్రేలీ అనే మనస్తత్వ పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇలాంటి పుస్తకాలను మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా ఎంచుకుంటున్నారని అందులో తేలింది. బాధితురాలు ఎలా తప్పించుకుందో చెప్పే పుస్తకమంటే వాళ్లకు మరీ ఆసక్తి. ‘నాకే ఆ పరిస్థితి వస్తే’ అన్న ఆలోచనే చదివిస్తోందన్నమాట. రాత్రంతా పాపతో ఒంటరిగా ఉండే మీరు ఆ ఆలోచనతో చదవడంలో వింతేమీ లేదు.

చిక్కంతా తలుపు దగ్గరుంది. కిందటేడు ఒకావిడ తన ఫోన్ తెరిచి నా బల్ల మీద పెట్టారు. గ్యాలరీ నిండా ఒకటే ఫొటో. ఇత్తడి బోల్ట్, పక్కన గోడ మీద పిల్లాడు పెన్సిల్‌తో గీసిన రైలుబండి. రోజుకు ఆరేడు తీశారు. ‘ఫొటో చూసుకుంటే మళ్లీ లేవక్కర్లేదు కదా అని మొదలుపెట్టాను డాక్టర్ గారూ. ఇప్పుడు ఆ ఫొటో ఇవాళ్టిదేనా అని డౌటొస్తోంది’ అన్నారు. ఆవిడ ఈ పుస్తకాలు ఒక్కటీ చదవలేదు. పుస్తకం భయానికి ఒక ముఖం ఇస్తుంది, అంతే. దాన్ని పెంచి పోషించేది పదే పదే చూసుకునే అలవాటు. లేచి చూసి వస్తే రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది. ‘చూశాను కాబట్టే ఏమీ కాలేదు’ అని మెదడు లెక్క రాసుకుంటుంది. మర్నాడు ఇంకోసారి లేపుతుంది.

మీ భయం ఉత్తిదేనని నేననను. యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో 2019లో పాడుబడ్డ బావిలో ఆడపిల్లలు శవాలై దొరికినప్పుడు, ఆ వారమంతా నా దగ్గరికొచ్చిన తల్లులు ఇంకో మాట మాట్లాడలేదు. ఆ కేసులో 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు మరణశిక్ష విధించిన వ్యక్తి ఆ ఊరివాడే. దేశంలో 2022లో నమోదైన హత్య కేసులు 28,522. వాటిలో దాదాపు 10,000 కేసులకు కారణం తగాదాలు, ఆ తర్వాత పాత పగలు. అర్ధరాత్రి మీ బోల్ట్ తీయడానికి చూసే ముక్కూమొహం తెలియని హంతకుడు నిజంగా చాలా అరుదు. రోజూ అతని గురించే చదువుతుంటే మాత్రం మన వీధిలోనే తిరుగుతున్నట్టు ఉంటుంది.

ఈ పుస్తకాల్లో చాలావాటితో నాకో పేచీ ఉంది. హంతకుణ్ని మహా తెలివైనవాడిగా చూపిస్తాయి. న్యూయార్క్‌ను 1976, 77లో వణికించిన డేవిడ్ బెర్కోవిట్జ్ ఆచూకీ తెలిసింది ఒక పార్కింగ్ చలానా వల్ల. ఇంగ్లండ్‌లో 13 మంది ఆడవాళ్లను చంపిన పీటర్ సట్‌క్లిఫ్ 1981లో కారుకు దొంగ నంబర్ ప్లేటుతో పోలీసులకు చిక్కాడు. వాళ్ల పేర్లు అందరికీ తెలుసు. చనిపోయిన ఆ ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా మనకు గుర్తుందా? నాకు బాధ కలిగించేది ఇదే. అందుకే పుస్తకాలు మానేయమనను. బాధితుల జీవితాన్ని, దర్యాప్తును చెప్పేవి ఎంచుకోండి, పగటిపూట చదవండి. సాయంత్రం ఏడు దాటాక పుస్తకం, పాడ్‌కాస్ట్ రెండూ వద్దు. నాలుగు తర్వాత టీ, కాఫీ కూడా వద్దు. కాఫీలోని కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది.

తలుపు ఒక్కసారే చూడాలి. బోల్ట్ మీద చెయ్యి వేసి, ‘వేశాను’ అని పైకే అనండి. మంచమెక్కాక మళ్లీ లేవాలనిపిస్తుంది, గుండె దడదడలాడుతుంది. లేవకండి. అరగంటో ముప్పావుగంటో ఓపిక పడితే ఆ దడ దానంతటదే దిగుతుంది. మొదటి నాలుగైదు రాత్రులు కష్టంగానే గడుస్తాయి. ఒకేసారి మానలేకపోతే పదిని ఐదు, ఐదును రెండు చేసుకుంటూ రండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి వేరే గదిలో తక్కువ వెలుతురులో కూర్చోండి, నిద్ర ముంచుకొచ్చాకే పడుకోండి. తలుపు వైపు మాత్రం వెళ్లొద్దు. ‘వేశావులే, పడుకో’ అని మీవారితో ఫోన్లో చెప్పించుకోవడం కూడా చూసుకోవడం కిందికే వస్తుంది.

ఆల్‌ప్రజోలం ఇంకొకరి చీటీ మీద తెచ్చింది వేసుకోవద్దు. అది త్వరగా అలవాటు పడే మందు. వారంలో రెండుమూడు సగం మాత్రలే అంటున్నారు కాబట్టి ఇప్పుడు మానేయడం కష్టం కాకపోవచ్చు, అయినా ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో డాక్టర్‌కు చెప్పి మానండి. వారాల తరబడి రోజూ వేసుకునేవాళ్లయితే ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. గుండె దడ, నిద్రలేమి థైరాయిడ్ వల్ల కూడా వస్తాయి. ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. నెల గడిచినా తలుపు వదలకపోతే సైకియాట్రిస్టును కలవాల్సిందే. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదనిపిస్తే మాత్రం నెల దాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి.

ఇక పాప. చెప్పకుండా ఎవరితోనూ వెళ్లకూడదని, తెలిసిన అంకులైనా సరే, పాపకు చెప్పండి. చెప్పి ఈ సాయంత్రమే కిందికి పంపండి. మొదటి వారం బాల్కనీలోంచి చూస్తూ ఉండండి. రెండో వారం నుంచి మీరు వంటింట్లో పని చేసుకోండి, ఆరున్నరకు తనే పైకి వచ్చి బెల్లు కొడుతుంది.