పీరుకూ పాపం అంటదా?

ప్రశ్న: మా ఊళ్లో పీర్ల పండక్కి మేమూ బెల్లం చదివిస్తాం. పీర్లకు, దర్గాల్లోని బాబాలకు, ప్రవక్తలకు పాపమే అంటదని ఒకాయన అన్నారు. మరి ప్రవక్త రోజూ క్షమాపణ వేడుకునేవారని విన్నాను. ఏది నిజం?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన చిక్కిది. పాపంలో పడకుండా అల్లాహ్ కాచుకోవడాన్ని ‘ఇస్మత్’ అంటారు, అలా కాపు ఉన్నవారిని ‘మాసూమ్’ అంటారు. సున్నీల లెక్కలో అది ప్రవక్తలకే. దైవసందేశం అందించడంలో వారు పొరబడరు. పెద్ద పాపాలు చేయరన్నదే ఎక్కువమంది పండితుల మాట. చర్చంతా చిన్న తొట్రుపాట్ల దగ్గరే. ఖుర్ఆన్ 20:121లో ఆదం ఆజ్ఞ మీరారని ఉంది; ఆ వెంటనే 122లో ఆయన పశ్చాత్తాపాన్ని స్వీకరించిన సంగతీ ఉంది. గుడ్డివాడొస్తే మొహం చిట్లించినందుకు ముహమ్మద్ ప్రవక్తకే ఖుర్ఆన్ 80వ సూరా (అధ్యాయం)లో మందలింపు వచ్చింది. తొట్రుపాటు జరిగినా దిద్దకుండా వదలరన్నమాట.

మరపు పాపం కాదు. ఓసారి నాలుగు రకాతుల (నమాజులోని విడతల) నమాజును ప్రవక్త రెండుకే ముగించారు. తగ్గించారా, మరిచారా అని జుల్‌యదైన్ అనే సహచరుడు అడిగాక మిగతా రెండూ చదివి, రెండు సజ్దాలు (నుదురు నేలకు ఆనించడం) అదనంగా చేశారు. ఇప్పటికీ మసీదులో నమాజు చదివించే ఇమాం లెక్క తప్పితే చేసే ‘సజ్దా సహూ’కు ఆధారాల్లో ఇదొకటి.

లోకవ్యవహారంలో సలహా కూడా వేరే సంగతి. కొబ్బరికి ఒకే పూగుత్తిలో మగపూలు, ఆడపూలు రెండూ ఉంటాయి కనుక కోనసీమ రైతుకు పూత అంటించే బెడద లేదు. ఖర్జూరానికి మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగపూత తెచ్చి ఆడపూతకు అంటించాలి. దీనివల్ల లాభం ఉంటుందనుకోనని ప్రవక్త అంటే మదీనా రైతులు మానేశారు, కాపు తగ్గింది. మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసన్నారాయన. సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథంలో ఉన్న ఉదంతమిది. సొంత అభిప్రాయం వహీ (దైవసందేశం) కాదు, తప్పినా పాపం కాదు.

ఇక క్షమాపణ. రోజుకు 70 సార్లకు పైగా వేడుకునేవారని బుఖారీ అనే మరో హదీసుల గ్రంథంలో ఉంది. అది పాపాల లెక్క కాదు, దాసుడి వినయం, అనుచరులకు పాఠం అంటారు పండితులు.

వలీలు (దైవభక్తులైన మహనీయులు), బాబాలు మాసూమ్‌లు కారు. సూఫీలు కూడా వారిని ‘మహ్‌ఫూజ్’ అనే అంటారు: అల్లాహ్ దయతో కాపాడబడేవారే గాని, తప్పు జరగడం అసంభవమని కాదు. ప్రవక్త సహచరుల సంగతీ అంతే. తాను దారి తప్పితే సరిదిద్దమని సహచరుడైన అబూబకర్ ఖలీఫా (ప్రవక్త తర్వాతి పాలకుడు) అయిన కొత్తలోనే జనానికి చెప్పారు.

షియాల (12 మంది ఇమాములను నమ్మే ఇస్నా అషరీల) లెక్క వేరు. వారికి మాసూమ్‌లు 14 మంది: ప్రవక్త, ఆయన కూతురు ఫాతిమా, 12 మంది ఇమాములు (మసీదు ఇమాములు కారు, ప్రవక్త తర్వాతి మార్గదర్శకులు). మీరు మొక్కే పీర్లలో హసన్, హుసేన్ ఆ లెక్కలోకి వస్తారు. కర్బలా యుద్ధంలో నీళ్లకోసం వెళ్లి ప్రాణమిచ్చిన అబ్బాస్‌కూ పీరు నిలబెడతారు గాని, ఆయన ఆ 14 మందిలో లేరు.

ప్రశ్న: పసిపిల్లల్నీ మాసూమ్ అంటారు కదా. వాళ్లూ ప్రవక్తలంతటివాళ్లా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: మాట ఒకటే, అర్థం వేరు. ఈడు వచ్చేదాకా పిల్లల తప్పు రాయకుండా కలం ఎత్తేస్తారని హదీసు. ప్రవక్తల విషయంలో కలం నడుస్తూనే ఉంటుంది, పాపంలో పడకుండా కాపు ఉంటుంది.