కరెంటు పోతే జీవిమ్‌లో రాసింది పోతోంది, బ్యాక్‌స్పేస్ మొరాయిస్తోంది: సొంత విమ్‌ఆర్‌సీ ఎలా రాసుకోవాలి?

జీవిమ్ (కోడ్ రాసుకునే విమ్ ఎడిటర్‌కి సొంత విండో ఉన్న రూపం) గురించి మీరు చెప్పినవి ముఖ్యంగా మూడు. అమలాపురం దగ్గర ఇంట్లో యూపీఎస్ లేని విండోస్ డెస్క్‌టాప్, కరెంటు పోగానే సేవ్ చేయని కోడ్ మాయం. నెట్‌లో దొరికిన విమ్‌ఆర్‌సీ (విమ్ సెట్టింగుల ఫైలు) పెట్టాక బ్యాక్‌స్పేస్ పాత అక్షరాలను ముట్టడం లేదు. ఎడిటర్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. మూడూ ఆ అరువు ఫైలుతో వచ్చినవేనండీ. దాని పేరు మార్చి పక్కన పెట్టండి, ఖాళీ ఫైలుతో మొదలెడదాం. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్‌లో అండర్‌స్కోర్ విమ్‌ఆర్‌సీ అనే పేరుతో పెట్టాలి. కమాండ్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లీషులోనే.

ముందు బ్యాక్‌స్పేస్. మీకంటూ విమ్‌ఆర్‌సీ లేనప్పుడు విమ్ 8 నుంచి డిఫాల్ట్స్ డాట్ విమ్ అనే ఫైలు తనే చదువుకుంటుంది. మీరు సొంత ఫైలు పెట్టిన క్షణం అది చదవడం మానేస్తుంది. బ్యాక్‌స్పేస్, రంగులు, టైప్ చేస్తుండగానే వెతకడం, అన్నీ ఒక్కసారే పోతాయి. అందుకే, తెలుగు అక్షరాల కోసం మొదటి లైను 'సెట్ ఎన్‌కోడింగ్=యూటీఎఫ్-8', పోయినవి తిరిగి రావడానికి రెండోది 'రన్‌టైమ్ డిఫాల్ట్స్ డాట్ విమ్'. మిగతావన్నీ వీటి కిందే.

కరెంటు గొడవ అసలైనది. అల్పపీడనం పట్టిందంటే మన కోనసీమలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి రంగుల థీమ్ కన్నా ఇదే ముందు తేల్చుకోవాలి. విమ్ మామూలుగా 200 అక్షరాలు కొట్టాక, లేదా 4 సెకన్లు చేతులు ఆపితే, స్వాప్ ఫైలులోకి (సేవ్ చేయనిదాన్ని దాచే తాత్కాలిక ఫైలు) రాసేస్తుంది. అంటే పోతే చివరి ఒకటి రెండు లైన్లే పోవాలి. మొత్తం పోతోందంటే ఆ అరువు ఫైలులో 'సెట్ నోస్వాప్‌ఫైల్' ఉండే ఉంటుంది, వెతికి చూడండి. ఫోల్డర్లలో చెత్త ఫైళ్ళు కనబడకూడదని చాలామంది దాన్ని పెట్టుకుంటారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో చెల్లుతుందేమో గానీ మీకు కుదరదు.

చెత్తగా అనిపిస్తే స్వాప్ ఫైళ్ళన్నిటినీ ఒకచోటికి పంపండి. యూజర్ ఫోల్డర్‌లోని విమ్‌ఫైల్స్‌లో స్వాప్, అన్‌డూ అని రెండు ఫోల్డర్లు చేసి, 'డైరెక్టరీ' సెట్టింగుకి మొదటిదాన్ని, 'అన్‌డోడిర్'కి రెండోదాన్ని ఇచ్చి, 'సెట్ అన్‌డోఫైల్' రాయండి (ఫైలు మూసి తెరిచాక కూడా పాత మార్పులను వెనక్కి తీసుకోవడానికి). డైరెక్టరీ దారి చివర రెండు స్లాష్‌లు ఉండాలి. అప్పుడు స్వాప్ పేరులో పూర్తి దారి చేరుతుంది, వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరున్న ఫైళ్ళు తికమక పడవు. ఫోల్డర్లు ముందే చేసి ఉంచాలి, విమ్ తనంతట తను చేయదు. అన్‌డూ ఫోల్డర్ లేకపోతే ఒక్క మాటా చెప్పకుండా ఊరుకుంటుంది కూడా. ఇంకోటి, అన్‌డూ ఫైలు రాసేది మీరు సేవ్ చేసినప్పుడే. కరెంటు పోయినప్పుడు కాపాడేది స్వాప్ ఒక్కటే.

కరెంటు వచ్చాక అదే ఫైలు తెరిస్తే ఈ325 అని హెచ్చరిక వస్తుంది. కంగారుపడి 'డిలీట్' నొక్కేయకండి. 'రికవర్' ఎంచుకుని, 'డిఫ్‌ఆరిజ్' కమాండ్ ఇస్తే డిస్కులో ఉన్నదీ తిరిగొచ్చిందీ పక్కపక్కన కనిపిస్తాయి (ఇదీ డిఫాల్ట్స్ ఫైలులోదే). సరిగ్గా ఉంటే సేవ్ చేసి మూసి, మళ్ళీ తెరిచి అప్పుడు డిలీట్ చేయండి. రికవర్ చేసినంత మాత్రాన స్వాప్ దానంతట అది పోదు, ప్రతిసారీ అదే హెచ్చరిక వస్తుంటుంది.

నెమ్మదికి కారణం ప్లగిన్లు, అంటే విమ్‌కి అదనంగా తగిలించే స్క్రిప్టులు. 'జీవిమ్ --స్టార్టప్‌టైమ్' పక్కన ఒక టెక్స్ట్ ఫైలు పేరిచ్చి నడిపితే ఏ స్క్రిప్టు ఎన్ని మిల్లీసెకన్లు తిన్నదో అందులో పడుతుంది. మొబైల్ డేటా మీద ప్లగిన్ మేనేజర్ కూడా దండగే. విమ్‌ఫైల్స్‌లో ప్యాక్, అందులో మీకు నచ్చిన పేరు, అందులో స్టార్ట్ అని ఫోల్డర్లు చేసి ప్లగిన్‌ను అక్కడ పెడితే చాలు. ఎప్పుడో గానీ వాడనిదాన్ని స్టార్ట్‌లో కాకుండా దాని పక్కనే ఆప్ట్ అనే ఫోల్డర్‌లో పెట్టి, కావాలన్నప్పుడు 'ప్యాక్‌యాడ్' ఇవ్వండి.

పైథాన్‌లో 'షిఫ్ట్‌విడ్త్ 2' (లైనును లోపలికి జరిపే ఖాళీల సంఖ్య) పెట్టినా 4 వస్తోందని రాశారు. విమ్‌తో వచ్చే పైథాన్ ఫైల్‌టైప్ ప్లగిన్ మీ తర్వాత వచ్చి మార్చేస్తోంది. 'వెర్బోస్ సెట్ షిఫ్ట్‌విడ్త్?' అంటే ఎవరు మార్చారో పేరుతో సహా చెబుతుంది. నన్నడిగితే పైథాన్‌కి 4 ఉంచేయండి. 2 కావాల్సిందేనంటే విమ్‌ఫైల్స్‌లో ఆఫ్టర్, అందులో ఎఫ్‌టీప్లగిన్ ఫోల్డర్ చేసి, పైథాన్ డాట్ విమ్ ఫైలులో 'సెట్‌లోకల్'తో రాయండి.

షార్ట్‌కట్‌లకు 'ఎన్‌మ్యాప్' వద్దు, 'ఎన్‌నోర్‌మ్యాప్' వాడండి. మొదటిది మీ ఇతర షార్ట్‌కట్‌లను కూడా లోపలికి లాగుతుంది. లీడర్ కీ (షార్ట్‌కట్‌లకు ముందు నొక్కే కీ) మార్చాలంటే ఆ లైను షార్ట్‌కట్‌ల కంటే పైన ఉండాలి, కింద పెడితే పాత బ్యాక్‌స్లాషే పనిచేస్తుంది. ఎఫ్5తో పైథాన్ నడిపే లైనులో పర్సెంట్ గుర్తును (తెరిచి ఉన్న ఫైలు పేరుకు బదులు వాడేది) డబుల్ కోట్స్‌లో పెట్టండి. లేదంటే "చెరువు మేత" లాంటి ఖాళీ ఉన్న పేరు దగ్గర ఆగిపోతుంది.

మీ రొయ్యల లెక్కల ప్రోగ్రాములో "ఖర్చు" వత్తు విడిపోయి కనిపిస్తే కోడ్ జోలికి వెళ్ళకండి. విమ్ అక్షరాలను సమానమైన గళ్ళలో పెడుతుంది, తెలుగు వాటిలో ఇమడదు. ఫైలు బాగానే ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకోవచ్చు.