పాత వ్యానుకు ఇంట్లోనే రంగు

ప్రశ్న: సామాన్లు తోలే పాత వ్యాను. రంగు వెలిసిపోయింది, తలుపుల కింద తుప్పు పట్టింది. స్ప్రే గన్ లేకుండా రోలర్‌తో రంగు వేస్తే నిలుస్తుందా?

జవాబు: పనిబండికి నిక్షేపంగా సరిపోతుంది. కొత్త బండి మెరుపు మాత్రం ఆశించొద్దు. సింథటిక్ ఎనామెల్, 4 అంగుళాల ఫోమ్ రోలర్, మూలలకు మెత్తటి బ్రష్షు చాలు.

ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరాక, టర్పెంటైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఆ తర్వాతే రుద్దుడు. ఈ వరస తప్పితే జిడ్డు గీతల్లోకి దిగుతుంది, అక్కడ రంగు అంటుకోక గుంటలు పడుతుంది. తుప్పును వైరు బ్రష్షు, 80 నంబరు గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా తీయండి. తుప్పు రంగు కిందుగా పాకుతుంది కాబట్టి మచ్చ చుట్టూ రెండు వేళ్ల మేర అదనంగా గీకాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు చిల్లు పడిందా, లప్పం పెట్టి మూయడం దండగ. రేకు ముక్క వెల్డింగ్ చేయించాల్సిందే. సొట్టల్లో కూడా లప్పం 3 మిల్లీమీటర్ల మందం దాటనివ్వకండి. బయటపడ్డ లోహానికి అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) వేయండి. గట్టిగా ఉన్న పాత రంగును పూర్తిగా తీయనక్కర్లేదు, 320 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) తడిపి మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకండి.

రంగులో పదో వంతు టర్పెంటైన్ కలపండి. లీటరు సుమారు 10 చదరపు మీటర్లకు వస్తుంది. బయటివైపు 20 చదరపు మీటర్లుంటే మూడు పూతలకు 6 లీటర్లు. డబ్బాలన్నీ ముందే ఒకదాంట్లో కలిపేస్తే ఛాయ తేడా రాదు. మొదటి పూత మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. కంగారుపడి మందంగా పూయకండి. మందమైతే పైన పొర కట్టి, లోపల పచ్చిగానే ఉండి, తర్వాతి పూతకు ముడతలు పడుతుంది. పూతకూ పూతకూ ఒక రోజు ఆగి, 600 కాగితంతో తడిపి తేలిగ్గా రుద్దండి. ఎండలో వేస్తే బుడగలు సర్దుకునేలోపే రంగు బిగుస్తుంది. బిగుసుకోవడం మొదలైన చోట మళ్లీ రోలర్ పెట్టకండి, గీతలు నిలిచిపోతాయి.

ప్రశ్న: ఎనామెల్ మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు కొడితే మొత్తం ఉబ్బి ముడతలు పడింది. ఎందుకు?

జవాబు: ఎన్‌సీని పలచన చేసే థిన్నర్ ఘాటు. కింది ఎనామెల్‌ను లేపేస్తుంది. ఎన్‌సీ మీద ఎనామెల్ నిలుస్తుంది గానీ దీనికి తిరగేస్తే నిలవదు. ఇప్పుడు ముడతలు గీకేసి, అంచులు రుద్ది, ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలి. పాత రంగేదో తెలియకపోతే కనపడని మూల ఎన్‌సీ థిన్నర్‌లో తడిపిన గుడ్డతో రుద్ది చూడండి: రంగు గుడ్డకు కరిగి వస్తే ఎన్‌సీ, ఉబ్బితే ఎనామెల్.

ప్రశ్న: ప్రైమర్ మీదే కొన్ని నెలలు తిప్పొచ్చా?

జవాబు: వద్దు. ప్రైమర్ నీళ్లు పీలుస్తుంది, కింద మళ్లీ తుప్పు మొదలవుతుంది.

ప్రశ్న: రంగు వేశాక బండి ఎప్పుడు తోలొచ్చు?

జవాబు: చేతికి అంటకపోవడం వేరు, గట్టిపడడం వేరు. వారం రోజులైనా తాళ్లు బిగించొద్దు, స్టిక్కర్లు అంటించొద్దు. ఎనామెల్ తుడిచిన గుడ్డల్ని మాత్రం కుప్పగా వేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విడివిడిగా ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయండి.